వినే చెవి

పసిపాపలు, పశువులు, పాములు సైతం గానానికి పరవశిస్తాయని పెద్దలు చెబుతారు. ఈ మూడింటికీ సంగీతశాస్త్రం తెలియదు. ఇది గొప్పది, అది తక్కువది అనే తీర్పు కూడా తెలియదు. వయస్సు పెరిగినకొద్దీ మనిషికి అటువంటి తీర్పులు పెరుగుతాయి. నచ్చిన పాటల చుట్టూ ప్రహరీ కట్టుకొని, దాని అవతల వినిపించేదంతా గోల అనుకోవడం అలవాటవుతుంది.

జనగామ జిల్లా లింగాల ఘనపూర్‌లో స్థిరపడిన ఒక విశ్రాంత తెలుగు పండితుడు అటువంటివాడే. త్యాగరాజ కృతులంటే ఆయనకు ప్రాణం. బీరప్ప పండుగనాడు ఊరిలో డోలు మోగితే మాత్రం కిటికీలు మూసుకొనేవాడు.

ఒకనాడు ఇంటర్మీడియట్ చదివే మనుమరాలు సెల్‌ఫోనులో చుక్క సత్తయ్య చెప్పిన ఒగ్గుకథ పెట్టింది.

"ఆ గోల ఆపమ్మా" అన్నాడాయన.

"తాతా! పాల్కురికి సోమనాథుడు మన పాలకుర్తివాడే గదా. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు పేర్కొన్నాడని నువ్వే చెప్పినవు. అంతటి కవి జనం పాట విన్నాడు. నువ్వెందుకు వినవు?"

ముప్పై ఏండ్లు ఆ పదాల పేర్లను విద్యార్థులచేత వల్లె వేయించిన పండితునికి జవాబు తోచలేదు.

ఆ నెలలోనే ఆయన పొరుగింటి కురుమ పెద్దమనిషి వెంట ఒగ్గుకథ వినడానికి వెళ్ళాడు. ఒగ్గు అంటే శివుని డమరుకం. దానిని పట్టి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పేవారు ఒగ్గువారు. మొదటి గంటసేపు పండితునికి డోళ్ళ హోరు తప్ప మరేమీ వినబడలేదు. అలవాటుపడిన చెవి రాగాలాపన కోసం వెదకింది.

"పాటను దేవులాడకుండ్రి సారూ. కథ వెంబడి పోండ్రి. డోలు సంగతి అదే తెలుస్తది" అన్నాడు పెద్దమనిషి.

అట్లా వినగా ఒక్కొక్కటే తెలియవచ్చింది. ప్రధాన కథకుడు వచనం చెబుతూ చెబుతూ, దుఃఖం ముదిరినచోట పాటలోకి జారుతున్నాడు. ఒక క్షణం తల్లి, మరుక్షణం కొడుకు అవుతున్నాడు. పక్కనున్నవాడు ఊకొడుతూ, ప్రశ్నలు వేస్తూ కథను నడిపిస్తున్నాడు. యుద్ధం రాగానే డోళ్ళు, తాళాలు ఉరుముతున్నాయి; శోకం రాగానే అణగిపోతున్నాయి. తల్లి కొడుకును సాగనంపే ఘట్టంలో పండితుడు కండువాతో కన్నులొత్తుకున్నాడు.

ఇంటికి మరలివస్తుండగా ఆయన మనస్సు బరువెక్కింది. ఒగ్గుకథను పల్లె నుండి నగర వేదికలకు చేర్చి, కాకతీయ విశ్వవిద్యాలయం నుండి గౌరవ డాక్టరేటు పొందిన చుక్క సత్తయ్యది ఇదే మండలంలోని మాణిక్యపురం. 1935లో జన్మించిన ఆ కళాకారుడు 2017 నవంబరులో కన్నుమూశాడు. అంత దగ్గరలో ఉండి కూడా పండితుడు ఒక్కసారైనా ఆయన ఎదుట కూర్చొని వినలేదు. ఇప్పుడు రికార్డులలో ఆ గొంతు దొరుకుతుంది. శ్రోతల ముఖాలు చూసి కథను పెంచే, కుదించే ఆ మనిషి దొరకడు.

నాటి నుండి కొత్త పాట ఏది వినబడినా, "దీన్ని ఎట్లా వినాలె?" అని మనుమరాలిని అడగడం ఆయనకు అలవాటయింది. ఖవ్వాలీ అట్లాగే దగ్గరయింది. ర్యాప్ పాటలు ఎంత విన్నా రుచించలేదు. ఆ మాటే చెప్పాడు. వినకముందే తీర్పు చెప్పడం మాత్రం మానుకున్నాడు. త్యాగరాజ కృతులపై మక్కువ ఇసుమంతైనా తగ్గలేదు.

ఈ జాగ్రత్త వృద్ధులకే అవసరమనుకోరాదు. తమకు తెలిసిన పాటే పాట అనుకొనేవారు పదిహేడేండ్ల వయస్సులోనూ ఉంటారు. అరవై దాటి చెవి తెరుచుకున్నవారూ ఉంటారు.

మరుసటి యేడు బీరప్ప పండుగకు డోలు మోగింది. పండితుడు కిటికీలు తెరిచి, ఆ తరువాత చెప్పులు తొడుక్కొని బయలుదేరాడు.