స్కూటర్ షికాయత్

స్కూటర్ ఇద్దరి సవారీ అని కంపెనీ వాళ్లు రాసి ఇస్తారు. మన ఇళ్లలో అది ఖాందాన్ సవారీ. ముందు నిలబడ్డ చిన్నోడు, వెనక అమ్మీ, ఆమె ఒడిలో పాప, పక్కన వేలాడే సంచీ. ఈద్ నమాజుకైనా, వలీమాకైనా, దవాఖానాకైనా అదే బండి. కానీ ఖాందాన్ పెరుగుతుంది, స్కూటర్ పెరగదు. అప్పుడు ఎవరికో ఒకరికి ఖయాల్ వస్తుంది: స్కూటర్‌నే పొడుగు చేయిస్తే?

ఈ మధ్య మా దుల్హేభాయ్‌కి వచ్చింది ఆ ఖయాల్. ఆళ్లగడ్డలో ఆయనది చిన్న రెడీమేడ్ బట్టల దుకాణం. వారానికోసారి నంద్యాల వచ్చి మాల్ తీసుకుని, మూట వెనక క్యారియర్‌కి కట్టుకుని పోతారు. అటూ ఇటూ నలభై నలభై కిలోమీటర్లు, కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు వైపు పోయే 40వ నంబరు నేషనల్ హైవే మీద. సెలవు రోజైతే మా ఆపా, ఇద్దరు పిల్లలు కూడా అదే స్కూటర్ మీద పుట్టింటికి వస్తారు. తిరిగి పోయేటప్పుడు నలుగురు మనుషులు, వెనక నలభై కిలోల మూట. గుంత వస్తే చాలు, హ్యాండిల్ చేతుల్లో తేలిపోతుందని ఆయనే చెప్పారు.

అందుకే నూనెపల్లెలో మా మామూ దగ్గరికి వచ్చారు. మామూ బజాజ్ చేతక్ కాలపు ఉస్తాద్. స్టార్ట్ కాని చేతక్‌ను ఒక పక్కకు వంచి, నిలబెట్టి, ఒక్క కిక్కుతో లేపిన తరం ఆయనది. "మామూ, వెనక చక్రాన్ని ఆరంగుళాలు వెనక్కి జరపండి. సీటు కూడా పొడుగవుతుంది, ముందు తేలడం కూడా పోతుంది" అన్నారు దుల్హేభాయ్. ఎక్కడో వీడియోలో చూశారంట.

మామూ కాదనలేదు. చాక్‌పీస్ తీసుకుని నేల మీద గీత గీశారు.

ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే దూరాన్ని వీల్‌బేస్ అంటారు. దుల్హేభాయ్‌ది పాత యాక్టివా, దానికి అది 1238 మిల్లీమీటర్లు. మూట బరువు పడేది వెనక ఇరుసుకు ఇంకా 250 మిల్లీమీటర్లు వెనక. అంటే త్రాసు లెక్క. వెనక ఇరుసు మధ్య ముల్లు, ఆ పక్క మూట, ఈ పక్క ముందు చక్రం. నలభై కిలోల మూట ముందు చక్రం మీద నుంచి దాదాపు 8 కిలోలు ఎత్తేస్తుంది. ఆ 8 కిలోలు కూడా కలిసి వెనక చక్రం మీద 48 కిలోలుగా పడతాయి.

ఇరుసును ఆరంగుళాలు, అంటే 150 మిల్లీమీటర్లు, వెనక్కి జరిపితే? మూట ఇరుసుకు 100 మిల్లీమీటర్ల దూరంలోకి వస్తుంది. ముందు నుంచి ఎత్తేది 3 కిలోలే. దుల్హేభాయ్ మొహం వెలిగింది. హిసాబ్ ఆయన పక్కనే ఉంది మరి.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. మోటార్ సైకిల్‌ను పొడుగు చేస్తే చైన్ కూడా పెంచాలి. స్కూటర్‌లో ఆ తకలీఫ్ లేదు. ఇంజను, బెల్టు, వెనక చక్రం అన్నీ ఒకే ముద్ద. ఆ ముద్ద మొత్తం ముందు కొసన ఫ్రేముకు వేలాడి, చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. ఫ్రేములో ఆరంగుళాల ముక్క అతికించి, ఆ ముద్దను వెనక్కి జరిపి, యాక్సిలరేటర్ కేబులూ బ్రేకు కేబులూ పొడుగువి వేసి, పెట్రోలు పైపు, వైర్లు పెంచితే బండి నడుస్తుంది. చూడ్డానికి ఇంత ఆసాన్ కాబట్టే ఈ ఖయాల్ ఇంతమందికి వస్తుంది.

"నడుస్తుంది బేటా. నడవడం వేరే, ఆగడం వేరే" అన్నారు మామూ.

బండి పొడుగైంది, సరే. వెనక చక్రం మీద మూట బరువు 48 నుంచి 43కి దిగింది, అంతే. టైరు అదే పది అంగుళాల రిమ్ముది. బ్రేకు అదే 130 మిల్లీమీటర్ల డ్రమ్. షాక్ అబ్జార్బర్ పై కొస పాత చోటనే ఉండి కింది కొస వెనక్కి పోతే ఒరిగిపోతుంది, ఆ ఒరుగులో దాని తాఖత్ తగ్గుతుంది. మలుపు తిరగడానికి ఎనిమిదో వంతు ఎక్కువ చోటు కావాలి. స్పీడు బ్రేకర్ మీద కడుపు తగులుతుంది. అన్నిటికన్నా పెద్ద ఫిక్ర్ వెల్డింగ్‌ది. అతుకు ఊడదు, అతుకు పక్కన వేడి తిన్న ఇనుము చీలుతుంది. అదీ మొదటి రోజు కాదు. కొన్ని వేల గుంతలు తిన్నాక, పెయింట్ కింద వెంట్రుకంత గీత పడి, ఒకరోజు సిరివెళ్ల దగ్గరో ఇంకెక్కడో, లారీ పక్కన.

తర్వాత మామూ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ముందు చక్రం తేలడం రోగం కాదు బేటా. అది బండి చేసే షికాయత్. నా మీద వజన్ ఎక్కువైంది అని చెప్తోంది. నువ్వు వజన్ తియ్యమనడం లేదు, దాని నోరు మూయమంటున్నావు. నోరు మూస్తే ఏం చేస్తావు? మూటకి ఇంకో పది కిలోలు కడతావు."

దుల్హేభాయ్ ఏమీ అనలేదు. కట్టేవారని ఆయనకూ తెలుసు.

ఖానూన్ సంగతి నేను చెప్పాను. బైకైనా స్కూటరైనా నడిపేవాడు కాక ఇంకొక్కరే అని మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన బండి రూపం మార్చకూడదని 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. దానికన్నా భయపడాల్సింది ఇంకోటి ఉంది. అల్లాహ్ కాపాడాలి, ఏదైనా జరిగితే, మార్చిన బండి అని ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టవచ్చు. అప్పుడు కోర్టు చుట్టూ తిరిగేది మన ఇంటి ఆడవాళ్లు.

అలాగని మామూ బండ్లకు వెల్డింగ్ చెయ్యని మనిషి కాదు. పోలియో వచ్చిన ఒక పక్కింటి అబ్బాయి స్కూటర్‌కు వెనక రెండు పక్కలా చక్రాలు కట్టింది ఆయనే. దానికి ఆర్టీవో ఆఫీసు పర్మిషన్ తీసుకుని, ఆర్సీలో రాయించాకే బండి బయటికి వదిలారు. దివ్యాంగుల కోసం బండి మార్చుకునే దారి చట్టంలోనే ఉంది. హాజత్ ఉన్న చోట దారి ఉంది, షౌఖ్‌కి లేదు.

ఎక్కువ బరువు మోయాలన్న కోరిక మన ఒక్కరిదే కాదు. 1946లో ఇటలీలో పియాజియో కంపెనీ వెస్పా స్కూటర్ తెచ్చింది. వెస్పా అంటే కందిరీగ. సామాన్లు మోసే బండి కావాల్సి వచ్చినప్పుడు వాళ్లు వెస్పాను సాగదీయలేదు. 1948లో ముందు భాగం స్కూటర్‌దే ఉంచి, వెనక రెండు చక్రాలు, ట్రక్కు పెట్టి కొత్త బండి కట్టారు. దాని పేరు ఆపే, అంటే తేనెటీగ. మన బజాజ్ ఆటో కూడా మొదట్లో ఆ కంపెనీ లైసెన్సుతోనే తయారైంది. అంటే మన నంద్యాల రోడ్ల మీద తిరిగే ఆటో స్కూటర్ ఖాందాన్‌దే. వజన్ పెరిగితే చక్రం పెరగాలి, బ్రేకు పెరగాలి, ఫ్రేము పెరగాలి. పొడుగు ఒక్కటే పెరిగితే చాలదు.

ఇదంతా విన్నాక దుల్హేభాయ్ అసలు మాట బయట పెట్టారు. "నేను బండి మీద పోయి, బీవీ బచ్చాలను బస్సెక్కిస్తే లోగ్ క్యా బోలేంగే?"

అదీ అసలు సంగతి. ఆరంగుళాలు కావాల్సింది స్కూటర్‌కు కాదు, ఇజ్జత్‌కు. నవ్వకండి, ఈ ఫిక్ర్ మన ఇళ్లలో ప్రతి మగవాడికీ ఉంది. బీవీని వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోవడం ఒక జిమ్మేదారీ అనుకుంటాడు. ఆపాయే తేల్చేసింది. "ఏమండీ, గుంత వచ్చినప్పుడల్లా కలిమా చదువుకుంటూ కూర్చునేది నేను. లోగ్ కాదు."

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆపా ఇప్పుడు పిల్లలతో నంద్యాల బస్సులోనే వస్తోంది. పాపకి కిటికీ సీటు దొరికితే చాలు, ఆళ్లగడ్డ దాకా ఒక్క మాట మాట్లాడదు. పెద్ద మూట ఆటో ట్రాలీలో వేరే దుకాణాల మాల్‌తో కలిపి పోతోంది, కిరాయి పంచుకుంటున్నారు. అర్జెంటు సామాను ఉంటే చిన్న సంచీ స్కూటర్ మీద, అదీ కాళ్ల దగ్గర, రెండు ఇరుసుల మధ్య.

మీ ఇంట్లో స్కూటర్ ముందు చక్రం తేలుతుంటే వెల్డింగ్ షాపుకు పోకముందు వెనక మూటను ఒకసారి కాంటా మీద పెట్టి చూడండి. షికాయత్ ఎవరిదో అక్కడే తెలుస్తుంది.