పగలు మనకు... రాత్రి పులికి!

హైదరాబాద్‌లో శ్రీశైలం బస్సెక్కినవాళ్లలో సగం మంది దిండి రిజర్వాయర్ దాటేదాకా కునుకు తీస్తూనే ఉంటారు. మన్ననూరు చెక్‌పోస్టు రాగానే మాత్రం అందరికీ మెలకువ వచ్చేస్తుంది. కిటికీలోంచి చల్లగాలి, ఎండుటాకుల వాసన... నల్లమల మొదలైందన్నమాట!

ఇక్కడి నుంచి కృష్ణమ్మ ఒడ్డు దాకా దాదాపు 60 కిలోమీటర్లు అడవే. టేకు, నల్లమద్ది, తునికి, వెదురు పొదలు. వానాకాలంలో అయితే పచ్చదనం రోడ్డు మీదికి వంగి పలకరిస్తుంది. వేసవిలో ఆకురాలి, అడవి లోపలిదాకా కనిపిస్తుంది. జంతువుల్ని చూడాలనుకునేవాళ్లకు అదే మంచి సమయం.

ఇది పులుల రాజ్యం. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం పులుల సంరక్షణ పథకంలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఇవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. పులికి మాత్రం ఆ సరిహద్దుతో పనిలేదు. ఏరు తగ్గితే ఈదుకుంటూ దాటేయగలదు!

పులి కనిపించడం అదృష్టం. చుక్కల దుప్పులు, నెమళ్లు, అడవి పందులు మాత్రం పొద్దున్నే బయల్దేరితే తరచూ కనిపిస్తాయి. ఫరహాబాద్ దగ్గర ఆగి అటవీశాఖ సఫారీ వాహనమెక్కితే వ్యూపాయింట్ దాకా తీసుకెళతారు. అక్కడ నిలబడితే కొండ వెనక కొండ, అంచు కనిపించని అడవి. వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరిగితే మల్లెలతీర్థం జలపాతం. వందల మెట్లు దిగాలి. ఎక్కేటప్పుడు ఆయాసం తప్పదు మరి!

తర్వాత దోమలపెంట, ఈగలపెంట. పెంట అంటే చెంచుల గూడెం. తేనె, గడ్డలు, మూలికలు ఎక్కడ దొరుకుతాయో చెట్టుచెట్టునూ ఎరిగిన వాళ్లు చెంచులు. శ్రీశైలేశుణ్ని చెంచు మల్లన్నగా కొలుస్తారు.

ఈగలపెంట దాటాక అసలు ఘాట్. మలుపు మలుపుకీ లోయ లోతవుతుంది. ఓ మలుపులో హఠాత్తుగా శ్రీశైలం డ్యామ్! వరద రోజుల్లో 12 గేట్లలోంచీ నీళ్లు దూకుతుంటే ఆ తుంపర రోడ్డు దాకా వస్తుంది.

ఇంత అందం మధ్య మనసు చివుక్కుమనిపించేవి కోతులు. కార్లు ఆపి అరటిపళ్లు, బిస్కెట్లు విసురుతుంటారు జనం. పుణ్యమనే అనుకుంటారు. కానీ ఆ తిండి కోసమే అవి అడవి వదిలి రోడ్డు పక్కన కాపురం పెడతాయి. పిల్లల్ని పొట్టకు కరుచుకున్న తల్లులు చక్రాల కింద పడతాయి. విసిరేసిన ప్లాస్టిక్ కవర్లలో ఉప్పు రుచి తగిలితే దుప్పులు కవర్లతో సహా నమిలేస్తాయి. మనం చేసే దానం వాటి ప్రాణాల మీదికి వస్తోంది.

రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేట్లు మూసేది అందుకే. చీకటి పడ్డాక వేటకీ, నీళ్లకీ అడవి ప్రాణులు దాటే దారి ఇది. తొమ్మిది గంటలు వాటికి వదిలేస్తే మిగతా పదిహేను గంటలూ మనవే కదా. ఆ కాసేపూ నెమ్మదిగా, హారన్ మోగించకుండా వెళ్తే చాలు. దుప్పి తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడుతుంది.

ఎలా వెళ్లాలి?
హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి సుమారు 215 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులున్నాయి. సొంత వాహనమైతే తెల్లవారుజామున బయల్దేరండి. పెట్రోలు, మంచినీళ్లు అడవిలోకి అడుగుపెట్టక ముందే చూసుకోండి. చెత్త మాత్రం వెంట తెచ్చేసుకోండి.