డబ్బా మీది చీటీ

జావాలో కోడ్ రాయడం మొదలుపెట్టిన తొలి ఏళ్ల మాట. కస్టమర్ల పేర్లు ఒక లిస్టులో ఉన్నాయి. మేం వాడే పాత లైబ్రరీకి స్ట్రింగ్ అరే కావాలి. లిస్టు మీద టుఅరే పిలిచి, ముందు స్ట్రింగ్ అరే అని కాస్ట్ పెట్టాను. కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు. యూనిట్ టెస్ట్ పాసైంది. రాత్రి పదకొండింటికి రిలీజ్ చేస్తే మొదటి రిక్వెస్టుకే క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్!

"అన్నీ స్ట్రింగులే కదండీ, మరి ఎందుకు కుదరదంటోంది?" అని మా టీమ్ లీడ్‌ని అడిగాను.

"లోపలున్నది కందిపప్పే బాబూ. డబ్బా మీద మాత్రం 'ఏదైనా సరుకు' అని చీటీ ఉంది. జావా డబ్బానే చూస్తుంది" అన్నారాయన.

లిస్టులో ఏ రకం ఉంటుందో రాసే వీలు, అంటే జెనరిక్స్, 2004లో జావా 5తో వచ్చాయి. పాత కోడ్ చెడిపోకూడదని, లిస్టు పక్కన మనం రాసిన రకాన్ని కంపైలర్ సరిచూసుకుని చెరిపేస్తుంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు తనది స్ట్రింగుల లిస్టని ఆ లిస్టుకే తెలియదు. అందుకే ఉత్త టుఅరే ఆబ్జెక్ట్ అరేనే ఇస్తుంది. అరే మాత్రం తన రకాన్ని చివరిదాకా మోస్తుంది. సీ షార్ప్‌లో రకం చెరగదు కనుక అక్కడ ఈ బాధ లేదు.

మరి టెస్ట్ ఎలా పాసైంది? అందులో లిస్టును అరేస్ క్లాసులోని యాజ్‌లిస్ట్‌తో కట్టాను. అప్పటి జావా 8లో ఆ లిస్టు తన లోపలి స్ట్రింగ్ అరేకి నకలు తీసి ఇచ్చేది. అసలు ప్రోగ్రాంలో ఉన్నది అరేలిస్ట్. ఈ తేడాను జావా 9లో సరిదిద్దారు.

ఆ రాత్రి మార్చింది ఒక్క లైనే. టుఅరేకి సున్నా సైజు స్ట్రింగ్ అరే ఇచ్చాను. అది చీటీ లాంటిది. దాన్ని చూసి జావాయే అదే రకంలో సరిపడా అరే కడుతుంది. లిస్టు సైజుకి సరిపోయే అరే ఇస్తే వేగమని చాలాకాలం నమ్మాం. జావా కోడ్‌ని నడిపే హాట్‌స్పాట్ మీద సున్నా సైజుదే ముందుంటుందని 2016లో జావా పనితీరు ఇంజనీరు అలెక్సీ షిపిలెవ్ కొలిచి చూపించారు. ఇంటీజర్ లిస్టు నుంచి ఇంట్ అరే కావాలంటే దారి వేరు: స్ట్రీమ్ తీసి మ్యాప్‌టుఇంట్ వాడాలి. మధ్యలో ఒక్క నల్ ఉన్నా ఎక్సెప్షన్ తప్పదు.

ఇప్పుడు నేను రివ్యూ చేసే కోడ్‌లో టుఅరే ముందు కాస్ట్ కనిపిస్తే దాటనివ్వను. కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది ఒకటే. రకాన్ని మీరే చెప్పండి. అసలు ప్రోగ్రాంలో ఏ లిస్టు నడుస్తుందో, టెస్టులోనూ దాన్నే పెట్టండి.