వంటలక్క

మా యింట రాత్రి యేడున్నర మొదలు ఎనిమిది గంటలవఱకు ఎవ్వరును బిగ్గరగ మాటలాడరాదను నియమము 2017వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన ఏర్పడెను. ఆనాడు స్టార్ మా ఛానలులో ‘కార్తీక దీపం’ అను ధారావాహిక మొదలయ్యెను. నియమము చేసినది మా యమ్మ. మొదటి నాలుగు దినములు నేను నవ్వితిని. అయిదవనాడు విద్యార్థుల పరీక్షపత్రములు దిద్దు మిషతో ఆమె వెనుక కుర్చీ వేసికొని కూర్చుంటిని. ఆరవనాడు ఎఱ్ఱసిరా కలము మూతయైనను తీయకుండగనే అరగంట గడచిపోయెను. ఉపాధ్యాయుడనైన నేను టెలివిజను కథకు అభిమానినైతినని ఒప్పుకొనుటకు సిగ్గుపడుచు రెండేండ్లు గడపితిని. ఇప్పుడా సిగ్గు లేదు.

టెలివిజనుపట్ల మా యూరివారి ప్రీతి క్రొత్తది కాదు. ఇది సరిహద్దు ప్రాంతము. నారాయణఖేడునుండి కొంతదూరము పోయినచో కర్ణాటకములోని బీదరు సీమ వచ్చును. ఇచ్చటి అంగడిలో తెలుగుతోపాటు కన్నడము, మరాఠీ, ఉర్దూ, తండాలవారి లంబాడీ భాష చెవిని బడుచుండును. నిజాము రాజ్యములో ఉర్దూ మాధ్యమమున చదివిన పెద్దలకు హిందీ ధారావాహికలు కష్టమనిపించలేదు. 1987 జనవరి 25న దూరదర్శనులో రామానంద సాగరుగారి ‘రామాయణ్’ ఆరంభమైనప్పుడు మా వీథికంతకు ఒకే యొక టెలివిజను ఉండెను. ఆదివారము ఉదయము తొమ్మిదిన్నరకు ముందే ఆ యింటి వాకిలి నిండిపోవుచుండెను. ఆడువారు తలంట్లు పోసికొని వచ్చి పెట్టె ముందర అగరువత్తులు వెలిగించుచుండిరి. హిందీ రానివారికి మా తాతగారు తెలుగు చెప్పుచుండెడివారు. దశరథుడు మరణించిన దినమున ఆయన గొంతు పూడుకొనిపోయి అనువాదము మధ్యలోనే ఆగిపోయినది. అయినను ఎవ్వరును అర్థము అడుగలేదట.

అడుగలేదట యనుటకు కారణము కలదు. నేనప్పుడు లోపల లేను. మా యూరు హైదరాబాదునకు 100 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నందున బొమ్మ తఱచుగ చెదరి, తెరమీద చీమలు ప్రాకినట్లు చుక్కలు కనబడుచుండెను. అప్పుడెవరైన మిద్దె యెక్కి యాంటెనాను ఇటునటు త్రిప్పవలెను. తొమ్మిదేండ్ల వయసున ఆ పని నాకప్పగింపబడినది. “వచ్చిందా?” అని నేను పైనుండి కేకవేయుటయు, “పోయింది, పోయింది!” అని వారు క్రిందినుండి అఱచుటయు, ఇది నాకు మిగిలిన రామాయణము. లంకాదహనమును నేను చూడలేదు, మిద్దెమీదనుండి వింటిని.

ఇంక అసలు కథకు వత్తును. ‘కార్తీక దీపం’ నాయకుడు కార్తీక్ అను వైద్యుడు, నాయిక దీప; పేరులోనే ఇరువురు నిమిడియున్నారు. దీప నల్లనిది. అత్తగారైన సౌందర్యకు నల్లనివారనిన గిట్టదు. మోనిత యను మఱియొక స్త్రీ పన్నిన మోసమువలన కార్తీక్ తన భార్య శీలమును శంకించును. దీప ఇల్లు వెడలి, వంటపని చేసికొని బ్రదుకుచు బిడ్డను పెంచును. అందువలన ఆమెకు ‘వంటలక్క’ అని పేరు వచ్చినది. కవల బిడ్డలలో ఒకతె తల్లియొద్దను, ఒకతె తండ్రియొద్దను పెరుగుదురు. ఈ చిన్న కథ 1500కు పైగా భాగములు నడచినది! ఒక్క మాటతో తీరిపోవు అనుమానమును తీర్చకుండుటకు రచయితలు పడిన శ్రమను చూచి నాకు విసుగును ఆశ్చర్యమును ఒక్కమాఱే కలుగుచుండెను. దీప నోరు తెఱచి నిజము చెప్పబోవును; సరిగా అప్పుడే తలుపు చప్పుడగును, లేదా ప్రకటన వచ్చును. మా యమ్మ మాత్రము ఎన్నడును విసుగుకొనలేదు.

ఈ కథ మూలము మలయాళము. 2014లో అక్కడ ‘కరుత్తముత్తు’ అను పేరున వచ్చెను. నల్లని ముత్యమని దాని యర్థము. అందును తొలుత నాయికగ నటించినది కేరళకు చెందిన ప్రేమీ విశ్వనాథ్ గారే. ఆ కథయే 2018లో కన్నడమున ‘ముద్దులక్ష్మి’గను, 2019లో మరాఠీలో ‘రంగ్ మాఝా వేగళా’గను అవతరించెను. నా రంగు వేఱు అని ఈ మరాఠీ మాటలకు తాత్పర్యము. మా వంటి యూరిలో దీనివలన కలిగిన వినోదము అంతింత కాదు. బీదరులోని మా పిన్నమ్మ కన్నడపు కథ చూచుచుండెను. మా ప్రక్కింటివారు మరాఠీ కథ చూచుచుండిరి. ముగ్గురును కలసికొన్నప్పుడు ఎవరి కోడలు ఎక్కువ కష్టపడుచున్నదో తేల్చుకొనుటకు మాటకు మాట పెరుగుచుండెను. “మా దీప అంత ఓర్పు మీదానికి యెక్కడిది?” అని మా యమ్మ పిన్నమ్మతో ఫోనులో వాదించుట నేను చెవులార వింటిని.

ఆమె దీపకొఱకు నిజముగ ఏడ్చుచుండెను. ఆ ఏడుపే నాకు అర్థము కాకుండెను. ఏలయనగా మా చెల్లెలును నల్లనిదే.

చెల్లెలికి ఆరు సంబంధములు వచ్చి పోయినవి. కట్నము చాలదనియో, జాతకము కుదురలేదనియో వారు చెప్పి పంపిరి గాని అసలు కారణము అందఱకును తెలియును. ఒక పెండ్లిచూపులనాడు పిల్లవాని మేనత్త మా చెల్లెలి చేయి పట్టుకొని మోచేతివఱకు గాజులు పైకి జరిపి చూచెను. ముఖమునకు పొడి వ్రాసియుండవచ్చునని ఆమె అనుమానము. ఆ యాఱు పర్యాయములును, వచ్చినవారు వీథి మలుపు తిరుగక ముందే, మా యమ్మ వంటయింటిలో చెల్లెలిని తిట్టుచుండెను. ఎండలో తిరిగితివనెను, చెప్పినట్లు శనగపిండి పూసికొనలేదనెను. ఇంటిలో పసుపు, శనగపిండి, పాలమీగడ కలిపిన గిన్నె యొకటి ఎల్లప్పుడు సిద్ధముగ నుండెడిది. తుదకు జహీరాబాదున ఒక మంచి కుటుంబమున చెల్లెలికి పెండ్లి జరిగినది. వారు రంగునుగూర్చి ఒక్క మాటయైనను ఎత్తలేదు. అయినను ఆ గిన్నె మా యింట మాసిపోలేదు. మేనకోడలు పుట్టి, తల్లి రంగే వచ్చినదని తెలిసిననాడు అది మఱల బయటికి వచ్చెను.

2020 మార్చిలో కరోనా వ్యాధి భయముచే దేశమంతట ఇండ్ల తలుపులు మూతపడినప్పుడు ధారావాహికల చిత్రీకరణ కూడ ఆగిపోయెను. అంతకుముందే మా యింటికి వచ్చిన మేనకోడలు ఇచ్చటనే చిక్కువడెను. ఆమె అప్పుడు ఏడవ తరగతి చదువుచుండెను. మార్చి 28 నుండి దూరదర్శన్ పాత ‘రామాయణ్’ను మఱల ప్రసారము చేసినది. ఏప్రిల్ 16నాటి భాగమును 7 కోట్ల 70 లక్షలమంది చూచిరని ఆ సంస్థ ప్రకటించెను. ఆ కోట్లలో మేమును కలము. ముప్పది మూడేండ్ల తరువాత నేను తీరికగ లోపల కూర్చుండి లంకాదహనము చూచితిని. నిజము చెప్పవలెనన్న, మిద్దెమీద నేనూహించిన మంటలే పెద్దవి.

ధారావాహికలు లేని ఆ దినములలో మేనకోడలు ఫోనులో వినోదవార్తలు చదివి అమ్మమ్మకు వినిపించుచుండెను. ఒకనాడామె ప్రేమీ విశ్వనాథ్ గారి ఛాయాచిత్రమును చూపెను. అది వేషము లేని చిత్రము. మా యమ్మ కండ్లద్దములు తుడిచికొని చూచి, “ఎవరీమె?” అని యడిగెను. “దీపనే అమ్మమ్మా” అని పిల్ల చెప్పినను నమ్మలేదు. ఆమె సహజముగ తెల్లని మేనిచాయ కలదియనియు, పాత్రకొఱకు ప్రతిదినము నల్లరంగు పూసికొనుననియు తెలియుటకు కొంత సేపు పట్టెను. తెలిసిన పిదప అమ్మ కోపముతో, “వీళ్లకు నల్లపిల్ల ఒక్కతి దొరకలేదా?” అనెను. ఆమె మాటలను ఆమె పలికినట్లే వ్రాయుచున్నాను. దిద్దినచో అవి ఆమెవి కావు.

పిల్ల ఫోను తీసికొని మెల్లగ అనినది: “ఆమెకేంది అమ్మమ్మా, సాయంత్రం కడుక్కుంటే పోతది. నాది పోదు గద.”

మా యమ్మ బదులు చెప్పలేదు. నేనును చెప్పలేదు. ఆ రాత్రి గిన్నె అలమరలోనే యుండెను. మఱునాడు బయటికి వచ్చినదో లేదో నేను గమనింపలేదు, గమనింపవలసినది.

జూను మాసమున చిత్రీకరణలు మఱల ఆరంభమయ్యెను. ఆ సెప్టెంబరునుండి నవంబరువఱకు ఐపీఎల్ క్రికెట్టు పోటీలు కూడ ఏడున్నరకే మొదలగుచుండెను. క్రికెట్టు కావలెనను నాకును, వంటలక్క కావలెనను అమ్మకును మధ్య మేనకోడలు న్యాయమూర్తియై తీర్పు చెప్పెను. నేనోడిపోయితిని. తీర్పునకు నేను మిగుల విచారింపలేదని మాత్రము ఇచ్చట చెప్పుట న్యాయము.

2022 మార్చిలో పిడుగుపాటు వంటి వార్త వచ్చినది. కథలో కార్తీకును దీపయు ప్రమాదమున మరణించిరి. పిల్లలు పెద్దవారైనట్లు చూపి కథను ముందునకు నడపిరి. నాకు తెలిసిన ఇండ్లన్నిటను ఆ రాత్రి ఒకటే మాట. కొందఱు అభిమానులు వారిని బ్రదికింపుమని సామాజిక మాధ్యమములలో మొఱపెట్టుకొనిరి. మా యమ్మ అన్నము ముందు కూర్చుండి చేయి కడిగికొనెను. “అంత కష్టపెట్టి, సుఖం వచ్చే యాళ్లకు సంపిండ్రు” అని ఒక్కటే మాట. ఆమెను ఓదార్చుటకై నేను లెక్కల సంగతి యెత్తితిని. ఏ ధారావాహికను ఎందఱు చూచుచున్నారో బార్క్ అను సంస్థ లెక్కించును. దేశమున 40,000కు మించిన యిండ్లలో టెలివిజనులకు మీటర్లు అమర్చి, వానినిబట్టి కోట్లమంది యిష్టమును అంచనావేయును. ఆ యిండ్లేవో రహస్యముగ నుంచును. చూచువారు తగ్గినచో కథను మార్చుదురు, లేదా మరల త్రిప్పుదురు అని వివరించితిని. అమ్మ శ్రద్ధగ వినెను.

“మనింట్ల ఆ మీటరు ఉన్నదా?”

“లేదమ్మా.”

“మఱి అయిదేండ్లు నేను ఏడ్చిన ఏడుపు లెక్కకు రాదా బిడ్డా?”

దీనికి నాయొద్ద సమాధానము లేకుండెను. కొన్ని మాసములకు, ఆ సంవత్సరమే, కార్తీకును దీపయు కథలో మఱల ప్రత్యక్షమైరి. చనిపోయినవారెట్లు వచ్చిరని నేను తర్కింపబోవగా అమ్మ నావైపు చూచిన చూపునకు నోరు మూసికొంటిని. ఆమె లెక్కకు వచ్చినది, అంతే చాలును.

2023 జనవరి 23న తుది భాగము ప్రసారమయ్యెను. సంక్రాంతికి వచ్చిన మా చెల్లెలు అమ్మకు జ్వరము తగిలినందున ఇంకను ఇచ్చటనే యుండెను. అమ్మ దుప్పటి కప్పుకొని గోడకానుకొని కూర్చుండెను. చెల్లెలు ఆమె ప్రక్కన. నేను వెనుక నా కుర్చీలో. నడుమ ప్రకటనలు వచ్చినవి. అందొకటి మేనిచాయ పెంచు లేపనమునుగూర్చినది. నల్లని వధువు కష్టములు చూచి కన్నీరు పెట్టుకొన్నవారికి, ఆ కన్నీరారక ముందే, తెల్లబడు మందమ్ముట ఎట్టి తెలివియో నేనెఱుగను. ఇట్టి లేపనములలో మిక్కిలి ప్రసిద్ధమైన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 1975లో మన దేశపు అంగళ్లకు వచ్చెను. విమర్శలు పెరిగినందున 2020 జూలైలో దాని పేరు ‘గ్లో అండ్ లవ్లీ’గ మార్చబడెను. పేరు మారినది, పూసికొను చేతులు మారుటకు ఎంత కాలము పట్టునో.

అమ్మ తెరవైపే చూచుచు, ఎవరితోనో అన్నట్లు పలికెను.

“ఆరు సంబంధాలు పోయినప్పుడు నేను నిన్నే తిట్టిన. వాళ్లను ఒక్కమాట అనలే.”

చెల్లెలు కొంతసేపు కదలలేదు. పిదప జారిన దుప్పటిని అమ్మ భుజముమీదికి లాగి సరిచేసెను.

“మొదలైందమ్మా, చూడు” అనెను.