పాత యజమాని గుమ్మంలో

ఆ ఏడాది నేను ఒక మిల్లు గేటు దాకా వెళ్ళి మూడుసార్లు వెనుదిరిగి వచ్చాను. తొమ్మిదేళ్ళు లెక్కలు వ్రాసిన చోటు అది. కాపలా ఉండే వృద్ధుడు నన్ను గుర్తుపట్టి చేయి కూడా ఊపాడు. అయినా కాళ్ళు ముందుకు సాగలేదు.

మా పెద్దాపురం అనగానే చాలామందికి పట్టుచీరలు, పాండవుల మెట్ట గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం సగ్గుబియ్యం మిల్లుల నుండి వచ్చే పులిసిన పిండి వాసనే గుర్తుకు వస్తుంది. మెట్టపొలాల్లో పండే కర్రపెండలం దుంపను నేలలో నుండి తీశాక రెండు మూడు రోజులకు మించి నిలువ ఉంచలేము. లోపల నల్లబడి పాడైపోతుంది. కనుక సీజను మొదలైతే మిల్లుకు ఊపిరి సలపదు. తొక్క తీయాలి, నూరాలి, పాలను తొట్లలో తేరనివ్వాలి, అడుగున పేరుకొన్న పిండిని పూసలుగా చేసి పెనాలపై వేయించాలి, ఆపైన ఎండబెట్టాలి. వీటన్నిటికంటే ముందు కాటా దగ్గర తూకం వ్రాసి, రైతు చేతికి చీటీ ఇచ్చే గుమస్తా ఉండాలి. అతడు రాకపోతే బండ్లు నిలిచిపోతాయి, బండ్లలో దుంప చెడిపోతుంది.

ఆ గుమస్తాను నేనే. 2014 జనవరిలో, సరిగ్గా అటువంటి రోజుల్లో, ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు వెళ్ళిపోయాను. అక్కడ ఒక బట్టల దుకాణంలో నెలకు మూడు వేలు ఎక్కువ ఇస్తామన్నారు. బీరువా తాళంచెవులను ఒక కుర్రవాడి చేత పంపించాను. ఎదురుగా నిలబడి చెబితే పెద్దాయన ఆపుతారేమోనని భయం. ఆపితే ఆగిపోతానేమోనన్న భయం అంతకంటే ఎక్కువ.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మూతపడిన ఆ దుకాణం మళ్ళీ తెరుచుకోలేదు. భార్యాబిడ్డలతో సొంత ఊరు చేరాను. వానాకాలం గడిచేసరికి ఆమె గాజులు బ్యాంకులో తాకట్టుకు చేరాయి. కాకినాడలో, సామర్లకోటలో ఎక్కడ పని అడిగినా ఒకటే ప్రశ్న: “ఇంతకు ముందు ఎక్కడ చేశారు? మీ గురించి ఎవరిని అడగాలి?” హైదరాబాదు యజమాని ఫోను పనిచేయడం లేదు. ఇక నా గురించి చెప్పగలిగినవారు ఈ లోకంలో ఒక్కరే మిగిలారు.

“వెళ్ళి అడగండి” అంది నా భార్య.

“చేయి చాచడం కంటే అడవికి పోయి కట్టెల మోపు మోసుకొచ్చి అమ్ముకోవడం మేలని కదా దైవప్రవక్త (స) బోధించారు” అన్నాను. బోధ సరైనదే. దానిని నేను వాడుకొన్న తీరే సరైనది కాదు.

ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది: “మీరు దానం అడగబోవడం లేదు, సాక్ష్యం అడగబోతున్నారు. మూసా ప్రవక్త (అలై) మద్యన్ చేరినప్పుడు ఆయన తరఫున మాట సాయం చేసింది ఒక అమ్మాయి. బావి దగ్గర తాను కళ్ళారా చూసినది తండ్రికి చెప్పింది. బలవంతుడు, నమ్మదగినవాడు, పనిలో పెట్టుకోమంది. అయితే అంతకు ముందే ఆయన తాను ఈజిప్టు నుండి ఎందుకు పారిపోయి వచ్చారో ఆ ముసలాయనకు పూర్తిగా చెప్పుకొన్నారు. మీరు ముందు ఆ పని చేయండి.”

అల్ ఖసస్ సూరాను నేను ఎన్నిసార్లు పఠించానో! ఆ వరుస ఏనాడూ నా దృష్టికి రాలేదు.

నాలుగోసారి లోపలికి వెళ్ళాను. పెద్దాయన వసారాలో కుర్చీ వేసుకొని కూర్చున్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది.

“ఏమయ్యా సాయిబూ, దారి తప్పావా?”

“అప్పుడే తప్పానండి. సీజనులో చెప్పకుండా పోయాను. తప్పు చేశాను, క్షమించండి.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నువ్వు పోయిన మూడో రోజున రెండు లారీల దుంప పారబోయించాను. రైతులకు డబ్బు మాత్రం ఇచ్చాను” అన్నారు, సరుకు లెక్క చెబుతున్నట్టు. ఆ సంగతి ఆరేళ్ళుగా నాకు తెలియదు. తలదించుకొన్నాను.

“ఇప్పుడేం కావాలి?”

సాధారణంగా మనం ఇటువంటి చోట “ఏదైనా చూడండి బాబూ” అంటాము. ఆ మాటతో ఎదుటివారికి ఏం చేయాలో తోచదు, సరేనని పంపేస్తారు. నేను జేబులోని కాగితం తీసి ఇచ్చాను. కాకినాడ రేవు నుండి బియ్యం ఎగుమతి చేసే ఒక కార్యాలయం పేరు, అక్కడి మేనేజరు నంబరు, ఖాళీగా ఉన్న కాటా గుమస్తా పని, అన్నీ అందులో వ్రాసి ఉన్నాయి. “పని ఇప్పించమని అడగడం లేదండి. మీ దగ్గర ఎలా చేశానో ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.”

“ఉన్నది ఉన్నట్టే చెప్పాలా? ఆలోచించుకో.”

“అలాగే చెప్పండి.”

ఆయన అప్పటికప్పుడు ఫోను చేశారు. నేను లేచి బయటికి వెళ్ళబోతే కూర్చోమని చేత్తో సైగ చేశారు. “మా దగ్గర తొమ్మిదేళ్ళు చేశాడండి. తూకంలో ఒక్క కిలో తేడా రానివ్వలేదు. రైతులు ఇతని చీటీ చూసుకొంటే మళ్ళీ కాటా దగ్గరికి వచ్చేవారు కాదు. ఒకసారి మాత్రం నిండు సీజనులో చెప్పకుండా పోయి నాకు నష్టం చేశాడు. ఇవాళ వచ్చి ఆ మాట తనే ఒప్పుకొన్నాడు. ఆపైన మీ ఇష్టం.”

ఫోను పెట్టేశాక టీ తెప్పించారు. నష్టపోయిన సొమ్ము ఎంతో అడిగాను, కొద్దికొద్దిగానైనా తీరుస్తానన్నాను. “ముందు ఇంట్లో పొయ్యి వెలిగించుకో” అన్నారు. లెక్క మాత్రం ఆనాడు చెప్పలేదు, ఈనాటికీ చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో ఆయనపై నాకు కాస్త కోపం కూడా ఉంది.

మరుసటి సోమవారం కాకినాడ వెళ్ళాను. మేనేజరు నా అక్షరం చూశాడు, రెండు కూడికలు చేయించాడు. తరువాత కళ్ళజోడు తీసి బల్లపై పెట్టి అడిగాడు: “ఈసారి వెళ్ళేటప్పుడు చెప్పి వెళతారా?”

“నెల ముందే చెబుతానండి.”

ఒక తెల్ల కాగితం నా వైపు జరిపి, ఆ మాటే వ్రాసి సంతకం చేయమన్నాడు. చేశాను.