కంచె దాటే గుర్రం

కంచె దాటే గుర్రాన్ని పొగరుబోతు అనేస్తారు. నేను ఒప్పుకోను. మందలో తిరుగుతూ, రోజులో సగానికి పైగా మేస్తూ బతికే ప్రాణి అది. గడ్డి అయిపోయిన పొలం చెక్కలో ఒంటరిగా వదిలేసి కదలకుండా నిలబడమంటే ఎలా నిలబడుతుంది? బయటపడ్డ ప్రతిసారీ అది దేనికోసం వెళ్ళిందో ముందు చూడాలి. సుత్తీ మేకులూ ఆ తర్వాత.

చేవెళ్ల దగ్గర మా బావగారి తోటలో బిజిలీ అని కాఠియావాడీ ఆడగుర్రం ఉంది. ఆ జాతి గుర్రాలకు చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. గేటు దగ్గర దాని పనితనం చూసి తీరాలి. చెవులు నిక్కబొడిచి, పై పెదవితో గడియను తడుముతుంది, పళ్ళతో పట్టి పక్కకి లాగుతుంది. గొలుసు చుట్టి కొక్కెం తగిలిస్తే కొక్కెమూ ఊడదీసింది. మెడతో గేటును కింద నుంచి ఎత్తితే బందుల్లోంచి గేటే లేచొచ్చింది. అందుకే పై బందును తలకిందులు చేసి బిగించారు. స్ప్రింగు కొక్కేన్ని బయటివైపు, దాని మూతికి అందని చోట పెట్టారు.

ఇక కంచె. దాన్ని మన కంటితో కాదు, గుర్రం కంటితో చూడాలి. తలకి ఇరుపక్కలా ఉన్న కళ్ళతో దానికి దాదాపు చుట్టూతా కనబడుతుంది గానీ, సరిగ్గా ముక్కు ముందర కొంత మేరా, తోక వెనకా కనబడదు. బెదిరి పరుగందుకున్నాక సన్నటి తీగ దాని లెక్కలో లేనట్టే. మన ఊళ్ళలో పొలం చుట్టూ ఏముంటుంది? ముళ్లతీగే. 1874లో అమెరికాలో జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు పొందిన ఆ తీగ గొడ్లను ఆపడానికి పుట్టింది. గుర్రానికి అది పగ. కాలు చిక్కుకుంటే గుర్రం ఆగదు, గుంజుతుంది. మోకాలి కింద దానికి కండ ఉండదు. చర్మం, దాని కిందే స్నాయువులు, ఎముక. అక్కడ లోతుగా తెగితే మానడం నెలల మాట, ఒక్కోసారి మానదు కూడా.

కొయ్య పట్టీలో, గిట్ట దూరని సన్నకళ్ళ మెష్షో మేలు. ఎత్తు నాలుగున్నర అడుగులకు తగ్గకూడదు, దూకే గుర్రమైతే అయిదు. పట్టీలను స్తంభానికి లోపలివైపు కొట్టాలి. బయట కొడితే అది ఒళ్ళు రుద్దుకున్నప్పుడల్లా మేకులు సడలుతాయి. తీగ తప్పనప్పుడు, కంటికి ఆనేలా వెడల్పాటి తెల్లటి పట్టీ కట్టాలి. కొత్త జాగాలో వదిలేముందు పగటివేళ కంచె వెంట ఒక చుట్టు నడిపించాలి.

సోలార్ ఫెన్సింగు బాగా పనిచేస్తుంది. దాని మిషను సెకనుకో షాకు ఇచ్చి వదిలేస్తుంది, చంపదు. గడ్డి పెరిగి తీగకు తగిలితే, ఎండాకాలం ఎర్తింగు చుట్టూ నేల ఎండిపోతే షాకు పలచబడుతుంది. గడ్డి కోయాలి, ఎర్తింగు కడ్డీ మొదట్లో నీళ్ళు పోయాలి. అడవిపందుల కోసం కంచెకు నేరుగా ఇంటి కరెంటు తగిలించే అలవాటు మాత్రం ఎంత వేడుకునైనా మాన్పించాలి. దానివల్ల ఏటా రైతులే చచ్చిపోతున్నారు.

ముందరి కాళ్ళకు బంధం వేస్తే సరిపోతుందిగా అనే పెద్దలున్నారు. బంధంతోనూ గుర్రం గెంతుకుంటూ రోడ్డెక్కగలదు, రాత్రి లారీకి ఎదురుపడితే తప్పుకోవడమే చేతకాదు. రోడ్డొక్కటే కాదు, ఉలవల కొట్టూ ప్రమాదమే. గుర్రం వాంతి చేసుకోలేదు. మితిమీరి గింజలు మెక్కితే కడుపుశూల వస్తుంది, గిట్టలు వాచి నడవలేకుండా అయిపోతుంది.

బిజిలీ గడియ తీసి వెళ్ళేది పక్క తోటలో కట్టేసిన ముసలి బరాత్ గుర్రం దగ్గరికే. ఆ సంగతి గమనించాక బావగారు ఆ ముసలిదాన్నీ కొని తెచ్చారు. రెండింటికీ సరిపడా ఎండుగడ్డి రాత్రిపూట కూడా అందుబాటులో ఉంచుతున్నారు. ఇప్పుడు బిజిలీ గేటు వైపు వెళ్ళడమే అరుదు. స్ప్రింగు కొక్కెం మాత్రం తీయలేదు, కొట్టుకి తాళమూ తీయలేదు.