పున్నమి ఘాట్ నుంచి కొండపల్లి కోటకు

ఆటోనగర్‌లో పెరిగినవాళ్ళకు సైకిలంటే కాస్త చిన్నచూపు. లారీ ఒక్కటే బండి, మిగిలినవన్నీ పిల్లల ఆటవస్తువులు! మా నాన్నగారి రేకుల షెడ్డులో ముప్ఫై యేళ్ళపాటు లారీల బాడీలు కట్టారు. నా బాల్యమంతా వెల్డింగు మెరుపుల మధ్య, కమాను కట్టల మీద సుత్తి దెబ్బల మధ్య గడిచింది. అటువంటి నేను యాభయ్యో యేట గేర్ల సైకిలెక్కి కొండెక్కుతానంటే ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వరా మరి!

కారణం చెప్పాలి. కొత్త బాడీ కట్టిన లారీని నాన్న ఇబ్రహీంపట్నం దాకా నడిపి చూసేవారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. అక్కడి నుంచి కొండపల్లి కొండలు కనబడేవి. "ఈసారి కోట చూపిస్తారా" అనేవారు. ఈసారి ఎప్పుడూ రాలేదు. లారీ యజమాని షెడ్డు దగ్గర ఎదురుచూస్తుండేవాడు. నాన్న పోయి ఏడాదయింది. మొన్న జనవరిలో, ఒక సోమవారం షెడ్డు తాళం కొనుగోలుదారుకు అప్పగించాలి. అందుకోసమే హైదరాబాదు నుంచి వచ్చాను. మధ్యలో ఒక ఆదివారం మిగిలింది. మేనల్లుడి సైకిలు ఖాళీగా ఉంది.

శనివారం సాయంత్రం షెడ్డులో ఆ సైకిలును నాన్న దగ్గర పాతికేళ్ళు పనిచేసిన బాబాయ్ పరీక్షించాడు. చెయిను వేలితో లాగి చూసి పెదవి విరిచాడు. తరువాత నా సంచిలో ఒక చిన్న సుత్తి, ఒక పంచి, ఒక పెద్ద నట్టు వేశాడు.

"ఇంత బరువెందుకు బాబాయ్?"

"మోస్తే పోయేదేముంది బాబూ. తిరిగొచ్చాక నవ్వుకుందువుగాని."

తెల్లవారుజామున బెంజి సర్కిలు, బందరు రోడ్డు దాటి ప్రకాశం బ్యారేజీ మీదుగా భవానీపురం వైపు తిరిగి పున్నమి ఘాట్‌లో ఆగాను. అక్కడ కృష్ణ నదిలా ఉండదు, సరస్సులా ఉంటుంది. బ్యారేజీ ఆపిన నీరు భవానీ ద్వీపం చుట్టూ కదలకుండా పరుచుకుని, మంచులో అవతలి గట్టే కనబడలేదు. 1855లో కట్టిన పాత ఆనకట్ట 1952 వరదకు దెబ్బతింటే, 1957లో ఈ బ్యారేజీ పూర్తయింది. డెల్టా వరిచేలన్నీ ఈ నిశ్చలమైన నీటికి ఋణపడి ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ఇదే నీరు పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి ఉరికింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొన్నాయి. అటు బుడమేరు కట్టలు తెగి ఊరు సగం మునిగింది. ఆ ఉదయం మాత్రం నీటికి ఏమీ గుర్తున్నట్టు లేదు. చేయి తడుపుకుని తొక్కడం మొదలుపెట్టాను.

గొల్లపూడి, గుంటుపల్లి... హైదరాబాదు రోడ్డు మీద సైకిలువాడికి గౌరవం లేదు. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా గాలి ఒకసారి తోస్తుంది, ఒకసారి లాగుతుంది. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కేంద్రపు బూడిద లారీలు కలిశాయి. కళ్ళు మండుతున్నా, వెళ్తున్న ప్రతి లారీ వెనుక తలుపు అతుకు ఎలా ఉందో చూడకుండా ఉండలేకపోయాను. పుట్టుకతో వచ్చిన రోగం!

కొండపల్లి ఊరు దాటాక అడవి మొదలైంది. ఘాట్‌రోడ్డు వంపులు తిరుగుతూ పోతుంది. ఇక్కడి తెల్లపొణికి చెట్టు కర్రతోనే బొమ్మలు చేస్తారు. మెత్తని కర్ర, ఉలికి ఎదురుచెప్పదు. అతుకులకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద వాడతారు. ఇనుముతో పనిచేసేవారి కొడుకుగా నాకిది వింతగా ఉండేది. అంత మెత్తని దానితో ఇన్నేళ్ళ పేరా!

మూడో వంపులో చిన్న గేరు వేసి లేచి తొక్కబోతే చెయిను టప్పున తెగింది.

దిగి గట్టు మీద కూర్చున్నాను. మనిషి అలికిడి లేదు. మోకాలు నొప్పి, దాహం, పైగా కోపం... ఎవరి మీదో తెలియని కోపం. ఇక్కడి నుంచి సైకిలు దొర్లించుకుంటూ వెనక్కి దిగిపోతే ఈ కోట ఈ జన్మకింతే అనిపించింది. అప్పుడు సంచి బరువు గుర్తొచ్చింది.

పన్నెండేళ్ళప్పుడు షెడ్డులో ఒకసారి చెయిను పిన్ను కొట్టబోయి లింకు నుజ్జు చేశాను. నాన్న తిట్టలేదు. "కింద నట్టు పెట్టాలిరా. పిన్ను పోవడానికి దారి ఇవ్వకుండా పైనుంచి కొడితే ఎలా?" అన్నారు. రాయి మీద నట్టు, నట్టు మీద లింకు, లింకు మీద పంచి. పిన్నును పూర్తిగా బయటికి రానివ్వకూడదు, చివరి పలకలో నిలబెట్టాలి. పాడైన లింకు తీసేసి మళ్ళీ కలిపి కొట్టేసరికి అరగంట పట్టింది. వేళ్ళకు నల్లని గ్రీజు. వాసన చూస్తే షెడ్డు వాసన. అప్పటిదాకా రాని ఏడుపు, ఏడాది ఆలస్యంగా, ఆ రోడ్డు పక్కన వచ్చింది.

పెద్ద చక్రాల గేర్లు వేస్తే పొట్టిదైన చెయిను మళ్ళీ తెగుతుందని, మధ్య గేర్లతో కొంత తొక్కి, చాలావరకు తోసుకుంటూ ఎక్కాను. కాబట్టి సైకిలు మీద కొండెక్కానని చెప్పుకోవడం పూర్తి నిజం కాదు.

పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కాలపు కోట ఇది. తరువాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోలకొండ సుల్తానులు, మొఘలులు... 1766లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. తాళం చేతులు మారని కోట లేదు. ఇప్పుడు కప్పులేని మహలు గోడల మధ్య గడ్డి మొలిచింది. పైనుంచి థర్మల్ పొగగొట్టాలు, వాటి వెనుక వెండితీగలా కృష్ణ కనబడ్డాయి. నాన్న లారీ వెనక్కి తిప్పే చోటు ఏదై ఉంటుందా అని చాలాసేపు వెదికాను.

షెడ్డు ఎలాగూ ఆగదు. నేను నడపలేను, అది ఒప్పుకోవలసిన మాటే. కానీ పనిముట్లన్నీ కిలోల లెక్కన తుక్కు కొట్టుకు మాట్లాడి ఉంచాను. బాబాయ్ అంతా విని కూడా ఏమీ అనలేదు. నేను దారి ఇవ్వకుండా పైనుంచి కొడుతున్నానని అక్కడ తెలిసింది.

కిందికి దిగగానే తుక్కు కొట్టుకు ఫోను చేసి బేరం వద్దన్నాను. సోమవారం తాళం కొనుగోలుదారుకు ఇచ్చాను. వెల్డింగు సెట్టు, బెంచివైసు, సుత్తులు అన్నీ బాబాయ్ అద్దెకు తీసుకున్న చిన్న గదికి చేరాయి. సంచిలోని సుత్తి, పంచి తిరిగి ఇచ్చేశాను.

నట్టు మాత్రం ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.